ఎండాకాలంలో దగ్గు ముదిరితే కూలర్ కూడా చూడండి
సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకై ఆయాసం, దగ్గు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు చలికాలంలోనే ఇబ్బంది అనుకుంటాం గానీ, రోహిణి కార్తె ఎండల్లోనూ దగ్గు పెరగొచ్చు. ఒంట్లో నీరు తగ్గితే కఫం చిక్కబడి ఓ పట్టాన బయటికి రాదు. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్లు తాగాలి. గుండె, కిడ్నీ సమస్య కూడా ఉంటే ఎంత తాగాలో డాక్టర్నే అడగండి.

కూలర్‌లో నిరుడు వాడిన గడ్డి మెత్తలు నల్లబడి ముక్కిపోయిన వాసన వస్తుంటే బూజు పట్టినట్టే. తీసి కొత్తవి వేయించండి, తొట్టి కడిగించండి. ఆ పని పేషెంటు మాత్రం చేయకూడదు, ఆ దుమ్ముకే దగ్గు తెర ఆగదు.

ఇన్‌హేలర్‌ని ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదలొద్దు. కఫం రంగు మారినా, రోజూ నడిచే దూరానికే ఆయాసం ఎక్కువైనా సిరప్‌తో నెట్టుకురాకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.