ఫీడ్ వదిలి లిస్ట్ పట్టండి

వాడే టూల్స్‌లో కొత్తగా ఏం మారిందో తెలుసుకోడానికి, గుంటూరు–విజయవాడ బండిలో రోజూ తిరిగే డెవలపర్లకు కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర ఆగే ఆ కాసేపూ చాలు. అప్పుడు ఫీడ్ తెరిస్తే మాత్రం అల్గారిథమ్ వడ్డించిందే తినాలి.

ఎక్స్‌లో ఒక ప్రైవేట్ లిస్ట్ పెట్టుకోండి. మీరు వాడే లైబ్రరీల (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) కోడ్ రాసేవాళ్లనే చేర్చండి, 20 మంది దాటొద్దు. ఫాలో అవ్వక్కర్లేదు, చేర్చినట్టు వాళ్లకు తెలియదు కూడా. ‘ఈ పది ఏఐ టూల్స్ తెలుసా’ బాపతు అకౌంట్లు ఒక్కటీ రానివ్వకండి.

కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఆ లైబ్రరీ రిపో (దాని కోడ్ ఉండే పేజీ) తెరిచి వాచ్, కస్టమ్ నొక్కి, రిలీజెస్ (కొత్త వెర్షన్లు) ఒక్కటే టిక్ పెట్టి అప్లై చేయండి. పొరపాటున ‘ఆల్ యాక్టివిటీ’ నొక్కారో, ప్రతి ఇష్యూ (ఎవరో పెట్టిన ఫిర్యాదు), ప్రతి కామెంటూ మెయిల్లో వచ్చి పడతాయి. విసుగొచ్చి రెండ్రోజుల్లో మొత్తం ఆపేస్తారు. రిలీజ్ నోట్స్‌లో ముందు ‘బ్రేకింగ్ ఛేంజెస్’, అంటే మీ పాత కోడ్‌ను పనిచేయకుండా చేసే మార్పులు, చూడండి.

తెలిసింది లింక్డ్‌ఇన్‌లో రాసేటప్పుడు పైకి కనిపించేవి మొదటి రెండు మూడు లైన్లే, మిగతాదంతా ‘మోర్’ వెనకే. అందుకని ఎర్రర్ మెసేజ్, వెర్షన్ నంబర్ అక్కడే పెట్టండి, అదీ టెక్స్ట్‌గా. స్క్రీన్‌షాట్‌లో ఏపీఐ కీ (సర్వీస్‌ను మీ పేరుతో వాడనిచ్చే రహస్య కోడ్) కనబడిందా? పోస్ట్ తీసేస్తే సరిపోదు, ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.