నాన్న పోయాక తేరుకోవడానికి నాకు పనికొచ్చినవి

పెద్దకర్మ అవగానే "ఇక మామూలుగా ఉండు" అన్నారు బంధువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో సైతం తీరని దుఃఖాన్ని కనీసం 6 నెలలు దాటాకే జబ్బు కింద చూస్తారు. మనవాళ్లిచ్చే గడువు పన్నెండు రోజులు!

నిద్ర బొత్తిగా పట్టనప్పుడు 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతల ఆవిడ తొందరపెట్టలేదు. "ఏడుపొస్తే ఏడవండి, అన్నం మాత్రం వేళకి తినండి" అన్నారు. అదే పట్టుకున్నా. పొద్దున్నే అమ్మతో నడక, రాత్రి ఫోన్ పక్క గదిలో. నాన్న లుంగీలు బీరువాలోంచి కదపలేదు, ఎవరేమన్నా సరే.

కాస్త కుదుటపడ్డాననుకునేసరికి సంవత్సరీకం దగ్గరపడి మళ్లీ మొదటికొచ్చింది. అది మామూలేనట. ఇప్పుడు తద్దినం వారానికి ముందే సెలవు పెట్టేస్తున్నా.