అంబాసిడర్ ఒరిగింది, టైరు రాసుకుంటోంది: లోపం ఎక్కడ, మందేమిటి

పాత అంబాసిడరో పద్మినియో నడిపేవాళ్లలో చాలామంది టైరు మడ్‌గార్డుకు రాసుకోగానే నేరుగా టింకరింగ్ షాపుకు పోతారు. అక్కడ నాలుగు సుత్తి దెబ్బలేసి అంచును లోపలికి మడిచి పంపుతారు. కొన్నాళ్లు చప్పుడుండదు. తర్వాత పెళ్లివాళ్లను ఎక్కించుకుని కనిగిరి వైపు పోతున్నప్పుడో, కావలి దగ్గర సర్వీస్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడో మళ్లీ బర్రుమంటుంది. మడ్‌గార్డు ఎక్కడికీ జరగలేదు. బండన్నా దిగి ఉండాలి, టైరన్నా మారి ఉండాలి. ఆ రెండింట్లో ఏదో తేలేదాకా రేకు జోలికి పోవద్దు.

పైగా 50 ఏళ్లు దాటిన బండికి 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద వింటేజ్ నంబరు తీసుకోవాలంటే బాడీ అసలు రూపంలోనే ఉండాలి. మడ్‌గార్డు కోసేశాక మళ్లీ ఆ రూపం తేవడం ఖర్చుతో కూడిన పని.

ఎక్కడ రాసుకుంటోంది, ఎప్పుడు రాసుకుంటోంది

టైరు భుజం మీద, పక్క గోడ మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి బండిని ఒక చుట్టు తిప్పి రండి. సుద్ద చెరిగిన చోటే తగులుతోంది. తర్వాత టార్చి వేసి మడ్‌గార్డు లోపల చూడండి. రంగు పోయి రేకు తళతళలాడుతుంటే అది ఇప్పటి రాపిడి. తుప్పు పట్టిన గీత అయితే ఎప్పుడో వేసిన టైరు చేసిన పని, దాన్ని వదిలేయండి.

స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడే, అదీ నెమ్మదిగా పోతున్నప్పుడు రాసుకుంటే టైరు వెడల్పునో, డిస్కునో (టైరు ఎక్కించే ఇనుప చక్రం), స్టీరింగ్ స్టాపునో (చక్రం మరీ తిరగకుండా ఆపే బోల్టు) అనుమానించాలి. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని గుంతలో పడితేనే తగులుతుంటే కమాన్ పట్టీలు (వెనక బరువు మోసే ఉక్కు ఆకుల స్ప్రింగులు) వంపు పోగొట్టుకున్నాయి, లేదా యాక్సిల్ బాడీకి కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరు ఊడిపోయింది. మలుపులో ఒక పక్కే తగులుతుంటే పట్టీ కొసను బాడీకి వేలాడదీసే షాకిల్ బుష్‌లు అరిగి యాక్సిల్ పక్కకు జరుగుతోంది. తిన్నటి రోడ్డు మీద కూడా ఒకే చక్రం రాసుకుంటుంటే యాక్సిల్ తన చోటు తప్పిందేమో చూడాలి.

కొలత

నేల సమంగా లేకపోతే ఈ కొలతలన్నీ వృథా. మా జిల్లాలో దీనికి కొదవ లేదు, చీమకుర్తి గ్రానైటు పలకలు పరిచిన పోర్టికోలు ఊరూరా ఉన్నాయి. అయినా ముందు లెవెల్ పైపుతో చూసుకోండి, పోర్టికోకు నీళ్లు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. నాలుగు టైర్లలో గాలి సరిచేసి, డిక్కీ ఖాళీ చేసి, బండిని పది అడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి, నాలుగు మూలలా ఒక్కోసారి నొక్కి వదలండి. అప్పుడు చక్రం నడిమధ్య నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు తేడా కూడా అందులో కలిసిపోతుంది. కుడి ఎడమల మధ్య అర అంగుళం లోపు తేడా ఉంటే ఆ వయసు బండిలో నేను పట్టించుకోను.

ఇక్కడొక మోసం ఉంది. ఎప్పుడో గుద్దుకుని పుట్టీ పెట్టిన మడ్‌గార్డు అయితే అంచే తప్పు చెబుతుంది. అనుమానముంటే బాడీ కింద రెండు పక్కలా ఒకే చోట ఉండే బోల్టు నుంచి నేలకు కొలిచి సరిచూసుకోండి.

ఒక పక్కకు ఒరిగింది, కానీ తప్పు ముందుదా వెనకదా?

చాలా షాపుల్లో ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. ముందు కుడి స్ప్రింగు నీరసిస్తే వెనక ఎడమ మూల కాస్త లేస్తుంది. ఆ మూలను చూసి వెనక పట్టీలు విప్పేస్తారు. తేల్చుకోవడం సులువే. ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టి, వెనక డిఫరెన్షియల్ గుండు కింద సరిగ్గా మధ్యలో ట్రాలీ జాకీ పెట్టి, వెనక చక్రాలు నేలను వదిలేంత మాత్రం లేపండి. అప్పుడు యాక్సిల్ జాకీ తల మీద అటూ ఇటూ ఊగగలదు, కాబట్టి బాడీని ఒక పక్కకు ఒరిగించే బలం వెనక పట్టీలకు ఉండదు. ఇప్పుడు బండి సమంగా నిలిస్తే తప్పు వెనక కట్టది, అంటే పట్టీల దొంతరది. ఇంకా ఒరిగే ఉంటే ముందుది. జాకీ మీద ఉన్నంతసేపు బండి కిందికి ఎవరూ దూరకూడదు. దూరంగా నిలబడి చూస్తే చాలు.

వెనక కట్ట

పట్టీ ఖాళీ బండిలోనే బల్లపరుపుగా ఉంటే, లేదా ఎదురు వంపు తిరిగితే దాని పని అయిపోయినట్టే. ఆకుల మధ్య తుప్పు తుడిచి పగుళ్లు వెతకండి, విరిగిన ఆకు చాలాసార్లు క్లాంపు చాటున దాక్కుంటుంది. ఇంకో కొలత కూడా తీసుకోండి: వెనక చక్రం ముందంచు నుంచి మడ్‌గార్డు ముందంచుకు రెండు పక్కలా ఎంతుందో. ఒక పక్క తక్కువా ఒక పక్క ఎక్కువా ఉంటే ఆకులను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జారింది. సెంటర్ బోల్టుతో పాటు, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కూడా కొత్తవే వేయాలి. పాతవి సాగి ఉంటాయి.

ఒంగోలు, నెల్లూరు హైవే పక్కన కమాన్ పట్టీల షాపులు లారీలతో బతికేవి. అంబాసిడర్‌ను తీసుకుపోతే వాళ్లకు తోచేది, “ఇంకో పట్టీ వేసేద్దామన్నా, పదేళ్లు చూడక్కర్లేదు” అనడం. ఎత్తు వస్తుంది, నిజమే. కానీ ఖాళీగా పోయినప్పుడు వెనక సీట్లో పెద్దవాళ్లు నడుము పట్టుకుంటారు. కొలిమిలో కాల్చి వంపు తెప్పిస్తామన్నా ఒప్పుకోవద్దు. కాల్చిన ఉక్కుకు మళ్లీ సరైన వేడిలో టెంపర్ పట్టకపోతే కొద్ది నెలల్లో పాత కథే. చల్లగా ప్రెస్సు మీద వంచగలిగినవాళ్లు దొరికితే చేయించండి, లేదంటే రెండు పక్కలా కొత్త కట్టలు వేయండి. ఒక్క పక్కే మార్చడం నాకు ససేమిరా ఇష్టముండదు.

బిగించేటప్పుడు ఒక్క సంగతి చాలామంది వదిలేస్తారు. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలితిరిగి బండిని ఎత్తిపెట్టి ఉంచుతుంది. కొలతా తప్పుతుంది, రబ్బరూ త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద పెట్టి, బరువు పడ్డాకే చివరి బిగింపు. కొన్ని రోజులు తిరిగాక యూ బోల్టులు మరోసారి చూడండి.

కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలిలో ఉండే బండ్లకూ, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాటికీ అదనపు పరీక్ష ఉంది. అంబాసిడర్‌కు లారీలాగా విడి ఛాసిస్ లేదు, పట్టీల హ్యాంగర్లు బాడీకే అతుక్కుని ఉంటాయి. ఆ చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. లోపలికి దిగబడితే ఎన్ని కొత్త పట్టీలు వేసినా బండి లేవదు, ముందు వెల్డింగ్ పని చేయించుకోవాలి.

ముందు వైపు

అంబాసిడర్ ముందు స్ప్రింగు చుట్టలు వెతికితే కనిపించవు. పొడవాటి టార్షన్ రాడ్లు కింది ఆర్ముల నుంచి వెనక్కి పోయి బాడీకి బిగిసి ఉంటాయి, ఆ ఉక్కు కడ్డీ మెలితిరగడమే స్ప్రింగు పని. దిగిపోతే చివర పళ్లలో అది కూర్చున్న చోటు మార్చి ఎత్తు పెంచుతారు. అందులో దాగిన బలం చేయి విరగ్గొట్టగలదు, చేసి అలవాటున్నవాళ్లకే అప్పగించండి. మీరు దగ్గరుండి చూడాల్సినవి రెండు. కుడి రాడ్డు ఎడమకు, ఎడమది కుడికి మారకూడదు, ఎందుకంటే ఒక్కొక్కటీ తన పక్క దిక్కుకే మెలితిరగడానికి తయారైంది. రెండోది, ఊడదీయడానికి రాడ్డు మీద ఉలితో కొట్టకూడదు. చిన్న గాటు పడ్డా అక్కడే ఎప్పుడో తెగుతుంది.

పద్మినికి ముందు చుట్ట స్ప్రింగులే. దిగితే జతగా మార్చండి. చుట్టల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు తాత్కాలికం, స్ప్రింగు కోయించడం మూర్ఖత్వం.

“షాకబ్జర్లు మారిస్తే లేస్తుంది సార్” అని ఎవరన్నా అంటే నమ్మకండి. మామూలు ఆయిల్ షాకబ్జర్లు ఊపును ఆపుతాయి, బరువు మోయవు. గుంత దాటాక బండి రెండు మూడుసార్లు ఊగి అప్పుడు టైరు తగులుతుంటే మాత్రం తప్పు వాటిదే.

ఎత్తు సరిగానే ఉంది, అయినా రాసుకుంటోంది

అప్పుడు టైరు చూడాలి. అంబాసిడర్‌కు అసలు టైరు 5.90-15, అంటే వెడల్పు సుమారు 150 మి.మీ. 195 మి.మీ. టైరు వేస్తే ఒక్కో పక్కకు 22 మి.మీ. పైనే పెరుగుతుంది. 2014లో తయారీ ఆగాక పాత సైజు దొరకడం కష్టమై చాలామంది ఏది దొరికితే అది వేసుకుంటున్నారు. వ్యాసం కూడా లెక్క చూడండి (టైరు మీది అంకెల్లో మొదటిది వెడల్పు మి.మీ.లో, రెండోది అందులో పక్క గోడ ఎత్తు శాతం, చివరిది డిస్కు అంగుళాలు): 175/80 ఆర్15 దాదాపు 661 మి.మీ., 195/65 ఆర్15 దాదాపు 634. అంటే రెండోది వేసిన బండి 13 మి.మీ. కిందికి వస్తుంది. స్ప్రింగుల తప్పేమీ లేకపోయినా స్పీడ్ బ్రేకరుకు పొట్ట తగిలేది అందుకే.

వేరే కారు అల్లాయ్ డిస్కులు వేయించుకుని ఉంటే ఆఫ్‌సెట్ తేడా వల్ల చక్రం లోపలికో బయటికో జరుగుతుంది. లోపలికి జరిగిందని స్పేసర్లు పెట్టి బయటికి నెట్టడం నాకు నచ్చదు, బేరింగుల మీద భారం పెరుగుతుంది. అసలు డిస్కులు సంపాదించండి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే తగిలేదుంటే స్టాపు బోల్టు సరిచేస్తే సరిపోతుంది, కాకపోతే బండి తిరగడానికి రోడ్డు కాస్త ఎక్కువ కావాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కటకటమంటే బేరింగు ముందు బిగించి, ఆ తర్వాతే మిగతావి చూడండి.

ముందు ఎత్తు మార్చిన ప్రతిసారీ టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) మారుతుంది కాబట్టి అలైన్‌మెంట్ తప్పదు. ముందు అలైన్‌మెంట్ చేయించి తర్వాత టార్షన్ రాడ్డు ముట్టుకుంటే ఆ డబ్బు పోయినట్టే. ఎత్తు కుదిరాక రెండు రోజులు మామూలుగా నడిపి, మళ్లీ కొలిచి, అప్పుడే ఆ షాపుకు పోండి.