గ్రహాల పాఠానికి ఆట యాప్‌లు: కోనసీమ తరగతి గదిలో ఎలా వాడాలి?

యాప్ చేతికిచ్చి వదిలేస్తే పిల్లలు గ్రహాలను ఢీకొట్టించి సంబరపడతారు, పాఠం మాత్రం ఒంటబట్టదు. ఒంటబట్టాలంటే ఒక వరస పాటించాలి. ముందు ప్రతి జట్టూ తన అంచనాను నోటుబుక్కులో రాయాలి, ఆ తర్వాతే ఆట ఆడాలి, చివర్లో బయటికెళ్లి సరిచూసుకోవాలి. అంచనా రాయనిదే స్క్రీన్ ముట్టనివ్వకండి. తప్పు అంచనా రాసినవాడే ఎక్కువ నేర్చుకుంటాడు.

ముందురోజు చేయాల్సినవి

రెండు ఉచిత ప్రోగ్రాములు చాలు. ఒకటి, ఏ ఊరి నుంచైనా ఏ వేళకైనా ఆకాశం ఎలా కనిపిస్తుందో చూపించే స్టెల్లేరియం. రెండోది కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలోని, అంటే స్క్రీన్ మీద చేసి చూసే సైన్స్ ప్రయోగాల్లోని, ‘గ్రావిటీ అండ్ ఆర్బిట్స్’ (గురుత్వాకర్షణ, కక్ష్యలు). రెండూ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. కరెంటు పోయినా పాఠం ఆగకుండా ల్యాప్‌టాప్ పూర్తిగా ఛార్జి చేసి ఉంచండి. ఒక్కో స్క్రీన్‌కి నలుగురు పిల్లలు మించకూడదు. అయిదోవాడు చూసేవాడే అవుతాడు. యూనివర్స్ శాండ్‌బాక్స్ లాంటి ఆటలు బాగుంటాయి గానీ డబ్బు పెట్టి కొనాలి, మామూలు స్కూలు కంప్యూటర్ల మీద నత్తనడక నడుస్తాయి.

స్టెల్లేరియంలో ఎఫ్6 నొక్కి మీ ఊరు పెట్టండి. అమలాపురానికైతే ఉత్తర అక్షాంశం 16.58, తూర్పు రేఖాంశం 82.01. ఇది మరిచిపోతే చాలాసార్లు పారిస్ ఆకాశం కనిపిస్తుంది, పిల్లలు సాయంత్రం బయట చూసేదానికీ దానికీ పొంతన ఉండదు.

మొదటి ఆట: సూర్యుడు బరువెక్కితే?

‘గ్రావిటీ అండ్ ఆర్బిట్స్’లో సూర్యుడు, భూమి మాత్రమే ఉన్న జత ఎంచుకోండి. దారి గీత కనిపించేలా పెట్టండి. వరసగా నాలుగు ప్రశ్నలు అడగండి, ఒక్కోదానికీ అంచనా రాశాకే నడపండి.

గురుత్వాకర్షణ ఆపేస్తే? భూమి సూర్యుడిలో పడుతుందనో, ఉన్నచోటే ఆగిపోతుందనో చాలామంది రాస్తారు. అది ఆ క్షణంలో ఎటు వెళ్తోందో అటే తిన్నగా పోతుంది. తాడుకి రాయి కట్టి తిప్పుతూ తాడు వదిలేసినట్టే.

భూమి ద్రవ్యరాశి రెట్టింపు చేస్తే? కక్ష్యలో కంటికి కనిపించే మార్పు ఉండదు. లాగే బలం రెట్టింపయింది, కదిలించాల్సిన ద్రవ్యరాశీ రెట్టింపయింది. ఈ ఒక్క ప్రశ్నకి పది నిమిషాలు కేటాయించండి, వాదించుకోనివ్వండి.

సూర్యుడి ద్రవ్యరాశి రెట్టింపు చేస్తే? భూమి లోపలికి దూసుకెళ్లి సాగిన దీర్ఘవృత్తంలో తిరుగుతుంది. ఏడాది సుమారు 140 రోజులకు కుదించుకుపోతుంది. సగం చేస్తే? భూమి మళ్లీ తిరిగి రాదు.

ప్రతి ప్రశ్నకీ ముందు రీసెట్ నొక్కించండి. లేదంటే పాత మార్పు మీద కొత్తది పడి జవాబు తారుమారవుతుంది.

రెండో ఆట: చంద్రుడు, పోటు

డెల్టా పిల్లలకి ఇంతకంటే దగ్గరి పాఠం లేదు. అంతర్వేది, యానాం వైపు పిల్లలకి పోటూ పాటూ పుట్టినప్పటి నుంచీ తెలుసు. రొయ్యల చెరువులున్న ఇళ్లలో అమావాస్య, పౌర్ణమి లెక్క రోజూ వినిపించేదే.

స్టెల్లేరియంలో శుద్ధ విదియ నాడు పొద్దుగూకిన అరగంట తర్వాతి వేళ పెట్టి, పడమట సన్నటి చంద్రవంకను చూపించండి. రేపు ఇదే వేళకి ఎక్కడుంటాడో స్క్రీన్ మీద వేలితో గుర్తించమనండి. అప్పుడు ‘=’ మీట నొక్కండి, సరిగ్గా ఒక రోజు ముందుకెళ్తుంది. పౌర్ణమి దాకా ఒక్కో రోజే జరపండి. ఎల్ మీటతో కాలాన్ని పరుగెత్తించకండి, కంటికి ఏదీ ఆనదు. పొరపాటున నొక్కితే కె మీటతో మామూలు వేగానికి, 8తో ఇప్పటి సమయానికి వస్తుంది.

చంద్రుడు సూర్యుడి నుంచి రోజుకి సుమారు 12 డిగ్రీలు దూరం జరుగుతాడు. మన క్యాలెండర్‌లో తిథి అంటే ఆ 12 డిగ్రీలే. 30 తిథులకి 360. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి చంద్రోదయం రోజుకి సగటున 50 నిమిషాలు, అంటే దాదాపు రెండు ఘడియలు ఆలస్యమవుతుంది. పోటు కూడా అంతే ఆలస్యంగా వస్తుంది. ఈ లెక్క పిల్లలతోనే చేయించండి. తర్వాత వారం రోజులు రేవు మెట్టు మీద సుద్దతో గీత గీసి, నీరు అక్కడికి చేరిన వేళ రాయమనండి. నీటి దగ్గరికి పెద్దవాళ్లు తోడు లేకుండా పంపొద్దు. ధవళేశ్వరం నుంచి వచ్చే వరద నీరు ఉన్న రోజుల్లో ఈ కొలతలు కుదరవు.

ఆకాశం సరిచూడ్డానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. కొబ్బరి తోటలో నిలబడితే పడమటి దిక్కు కనిపించదు, చేల గట్టుకి వెళ్లాలి. ఫోన్‌లో ఆకాశం చూపించే యాప్ దిక్కు తప్పుతుంటే ఇనప కిటికీలకి, బైకులకి దూరంగా జరిగి ఫోన్‌ను గాల్లో 8 అంకెలా తిప్పండి. పగటిపూట ఆ యాప్‌తో సూర్యుణ్ని వెతకనివ్వొద్దు.

స్క్రీన్ దాచేది

ఏ ఆటలోనైనా గ్రహాలు అసలుకంటే పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. లేకుంటే స్క్రీన్ మీద ఏమీ కనపడదు. ‘గ్రావిటీ అండ్ ఆర్బిట్స్’లో ‘టు స్కేల్’ తెర తెరిస్తే ఆ సంగతి అర్థమవుతుంది. అక్కడితో ఆగకుండా వంపులేని కాలువ గట్టుకి తీసుకెళ్లండి, 450 మీటర్లు చాలు. ఒక సెంటీమీటరుకి లక్ష కిలోమీటర్లు అనుకుంటే సూర్యుడు 14 సెంటీమీటర్ల బంతి. భూమి 15 మీటర్ల దూరాన చిన్న ఆవగింజ, చంద్రుడు దానికి 4 సెంటీమీటర్ల లోపే. అంగారకుడు 23 మీటర్ల దగ్గర గసగసాల గింజ, గురుడు 78 మీటర్ల దగ్గర గోళీ. 287 మీటర్ల దగ్గర యురేనస్, 450 దగ్గర నెప్ట్యూన్, రెండూ మిరియపు గింజలు. గింజలు గడ్డిలో పడి పోతాయి, అట్టముక్కలకి అంటించి తీసుకెళ్లండి.

నెప్ట్యూన్ దగ్గర నిలబడ్డాక వెనక్కి తిరిగి సూర్యుణ్ని వెతకమనండి. అదే కొలతలో సూర్యుడి తర్వాతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి ఎక్కడుంటుందో అప్పుడు అడగండి: సుమారు 4,000 కిలోమీటర్లు. తరగతికి తిరిగొచ్చాక భారతదేశం పటం తీసి అది ఎంత దూరమో కొలిపించండి.