మిద్దె మీద బెండకు పల్లాకు తెగులు: నేనేం చేశానంటే

పోయిన వేసవిలో మిద్దె మీద వేసిన 12 బెండ మొక్కల్లో నాలుగింటికి ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారి, కాయలు కూడా పాలిపోయి గిడసబారాయి. ఎరువు చాల్లేదేమో అనుకుని వారం పాటు వర్మీకంపోస్టు వేస్తూ కూర్చున్నా. దండగ. అది పల్లాకు తెగులు, అంటే వైరస్, వచ్చిన మొక్కకు మందు లేదు. మోసుకొచ్చేది ఆకు అడుగున ఉండే తెల్లదోమ.

మనసొప్పకపోయినా ఆ నాలుగూ పీకి సంచిలో కట్టి పారేశా. మిగతావాటికి లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టా (పైపైన కొడితే దోమకేం కాదు), దోమ వచ్చి అంటుకునేలా ఆముదం రాసిన పసుపుపచ్చ అట్టలు రెండు కట్టా. తర్వాత ఇంకో రెండింటికి వచ్చింది, అవీ పీకేశా. ఆరు నిలిచాయి, కూరకి సరిపడా కాశాయి. ఈసారికి ఈ తెగులును తట్టుకుంటుందని అర్క అనామిక అనే బెండ రకం విత్తనం తెచ్చా, అట్టలు మాత్రం మొలకలప్పుడే కట్టేశా.