జంపింగ్ కోసం చిన్న వయసు గుర్రం కొనేముందు జాగ్రత్తలు

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి, రేసులు మానిన గుర్రాన్ని జంపింగ్‌కు, అంటే అడ్డుకర్రల మీదుగా దూకించే ఆటకు, తక్కువ ధరకు తెచ్చుకోదలచినవారు ఇవి గమనించాలి.

కాళ్ల ఎక్స్‌రేలు చూడనిదే బయానా ఇవ్వకండి. దూకి దిగేటప్పుడు బరువంతా మొదట ముందుకాళ్లపైనే పడుతుంది కనుక, మామూలు నడకలో కనిపించని కీలు లోపం కూడా తర్వాత గుర్రాన్ని శాశ్వతంగా కుంటిదాన్ని చేయగలదు. పరీక్షించే పశువైద్యుడు మీరు పిలిపించినవారై ఉండాలి.

గ్లాండర్స్ అనే గుర్రాల అంటుజబ్బు ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఫలితం రానిదే బండి ఎక్కించకండి. ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది.

వయసును పళ్లు చూపించి నిర్ధారించుకోండి. మూడేళ్ల గుర్రం రౌతుతో ఎత్తైన అడ్డుకర్రలు దాటితే మురిసిపోవద్దు, ఎందుకంటే వెన్నెముక ఎదుగుదల ఐదారేళ్ల దాకా సాగుతుంది, ఆ తొందరపాటు బాధను పాపం ఆ మూగజీవమే మోయాలి. రౌతు లేకుండా తక్కువ ఎత్తులో దూకించి చూస్తే చాలు.

ఏడాది మేతకు, లాడాలకు సొమ్ము పక్కన పెట్టాకే బేరమాడండి. వానలు తప్పితే మన జిల్లాలో ఎండుగడ్డి ప్రియమవుతుంది.