ప్యూర్ డేటాలో సర్క్యూట్లు – 4వ పాఠం: కెపాసిటర్ ఎందుకు అరిచింది?

గత పాఠంలో ప్యూర్ డేటాలో, అంటే డబ్బాలను తీగలతో కలిపి శబ్దాన్ని మలిచే సాఫ్ట్‌వేర్‌లో, 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 10 నానోఫారడ్‌ల కెపాసిటరు ఉన్న లోపాస్ ఫిల్టర్‌ను (కింది పౌనఃపున్యాలను పోనిచ్చి పైవాటిని అణచేది) లెక్కలతో కట్టాం. రామకృష్ణా బీచ్‌లో ఫోనుతో పట్టిన అలల హోరును అందులోంచి పంపితే, సుమారు 1,592 హెర్ట్జ్‌కు పైనున్న నురగ చప్పుడు అణగి కింది గర్జన మిగిలింది. అలల హోరులో అన్ని పౌనఃపున్యాలూ కలగలిసి ఉంటాయి కాబట్టి ఫిల్టర్ పనితనం చెవికి ఇట్టే తెలుస్తుంది. విశాఖలో ఉన్నవారికి ఇంతకన్నా మంచి పరీక్ష శబ్దం అక్కర్లేదు.

మధురవాడ నుంచి ఈ పాఠాలు చేస్తున్న ఒక విద్యార్థిని కెపాసిటరును 470 పికోఫారడ్‌లకు తగ్గించి చూశారు. అప్పుడు హోరు దాదాపు యథాతథంగా రావాలి. వచ్చింది మాత్రం చెవులు చిల్లులు పడే రొద. ఎందుకిలా అన్న ఆమె ప్రశ్నకే ఈ పాఠమంతా.

కెపాసిటరు వోల్టేజీకి మనం రాసిన సూత్రం ఇది:

కొత్త వోల్టేజీ = పాత వోల్టేజీ + గుణకం × (ఇన్‌పుట్ − పాత వోల్టేజీ)

సెకనుకు 48,000 శాంపిళ్లయితే (శాంపిల్ అంటే శబ్దపు ఒక్కో కొలత) ఒక్కో అడుగు 20.83 మైక్రోసెకన్లు. గుణకం అంటే ఆ అడుగును ఆర్‌సీతో (రెసిస్టరు, కెపాసిటరు విలువల లబ్ధంతో) భాగించగా వచ్చేది. మొదటి ఫిల్టర్‌లో ఆర్‌సీ 100 మైక్రోసెకన్లు, గుణకం 0.208. కొత్త కెపాసిటరుతో ఆర్‌సీ 4.7కు పడిపోయింది, గుణకం 4.43కు ఎగబాకింది. ఇన్‌పుట్‌గా 1 వోల్టు ఇచ్చి చేత్తో లెక్కగట్టండి: 4.43, −10.78, 41.4... అడుగడుగునా గురి తప్పి, తప్పిన ప్రతిసారీ ఇంకా దూరం పోతోంది. గుణకం 2 దాటితే ఇదే గతి.

తప్పు కెపాసిటరుది కాదు. అడుగు మొదట్లో ఉన్న కరెంటే అడుగు చివరిదాకా ప్రవహిస్తుందని మనం అనుకున్నాం. నిజమైన కెపాసిటరు నిండేకొద్దీ కరెంటు తగ్గుతుంది. కాబట్టి కరెంటును కొత్త వోల్టేజీతోనే లెక్కగట్టాలి. అప్పుడు తెలియని విలువ సమీకరణంలో రెండు వైపులా వస్తుంది. ఒక వైపుకు తెస్తే సూత్రం అలాగే ఉండి, గుణకం మాత్రం అడుగు ÷ (ఆర్‌సీ + అడుగు) అవుతుంది. ఇది ఎన్నటికీ 1 దాటదు. అదే 470 పికోఫారడ్‌లకు ఇప్పుడు 0.816, వరుస 0.816, 0.966, 0.994.

దీనికీ ఒక లోటుంది. 20,000 హెర్ట్జ్ దగ్గర అసలు సర్క్యూట్ 86 శాతం వోల్టేజీని పోనిస్తే మన లెక్క సుమారు 70 శాతమే పోనిస్తుంది. స్పైస్ లాంటి సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ అవసరమైన చోట అడుగును చిన్నది చేసుకోగలదు. దానికి తొందర లేదు. మనకు ప్రతి శాంపిల్‌కూ జవాబు వేళకు అందాలి. అందుకే నేను ఈ స్వల్ప తేడాకు ఒప్పుకుని స్థిరత్వాన్నే ఎంచుకుంటాను.

సూత్రాన్ని శాంపిల్ శాంపిల్‌కూ లెక్కగట్టే ఫెక్స్‌ప్ర్~ ఆబ్జెక్టులోనే (ప్యూర్ డేటా డబ్బాలోనే) రాయండి. శబ్దాన్ని పంపి, అందుకునే సెండ్~, రిసీవ్~లతో అవుట్‌పుట్‌ను వెనక్కి కలిపితే మామూలు అమరికలో 64 శాంపిళ్ల ఆలస్యం చొరబడి ఫిల్టర్ రూపమే మారిపోతుంది. అవుట్‌పుట్ ముందు శబ్దాన్ని హద్దు దాటనివ్వని క్లిప్~ తప్పనిసరి, హెడ్‌ఫోన్లు వద్దు.

వచ్చే పాఠంలో డయోడ్ పెడదాం. అక్కడ తెలియని వోల్టేజీ ఘాతాంకంలో కూర్చుంటుంది, ఒక వైపుకు తేలేం. న్యూటన్ పద్ధతితో అంచనాలు సరిదిద్దుకుంటూ పోవాలి. ఈలోగా ఒక లెక్క: 1 నానోఫారడ్ పెడితే పాత గుణకం ఎంత? ప్యాచ్ (మనం కట్టిన ప్యూర్ డేటా ప్రోగ్రామ్) నడపకముందే, రొద వస్తుందో లేదో కాగితం మీద తేల్చండి.